ఆక్స్‌ఫర్డ్ కారు, టొలీడో జీపు, దుమ్ముగూడెం రోడ్డు

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు పోయే రోడ్డును ఒక కాలంలో రెండు బండ్లు ఏలాయి. ఒకటి మహీంద్రా జీపు. రెండోది అంబాసిడర్ కారు. మొదటిది అమెరికా సైన్యం కోసం పుట్టింది. రెండోది ఇంగ్లండులో ఓ మోస్తరు ఉద్యోగస్థుడు పెళ్లాం పిల్లలతో తారు రోడ్డు మీద తిరగడానికి పుట్టింది. ఈ రెండింటినీ తెచ్చి మా గోదావరి ఒడ్డు బురదలో దించి ఒకటే పని అప్పజెప్పారు, మనిషిని అడవి దాటించమని. ఆ పని ఏది ఎలా చేసిందో, ఎందుకలా చేసిందో రాసిపెట్టాలని నాకు చాలా కాలంగా ఉంది. వాటి కింద గోనెసంచి పరుచుకుని పడుకుని, వాటి నట్లు విప్పి బిగించి బతికినవాణ్ణి నేను.

1970ల్లో భద్రాచలంలో ఒక షెడ్డులో పానాలు అందించే కుర్రాడిగా చేరాను. తర్వాత లక్ష్మీనగరంలో రోడ్డు పక్కన సొంత షెడ్డు వేసుకున్నాను. మా మేస్త్రికి చదువు లేదు గాని చెవి మాత్రం గొప్పది. బండి ఇంకా మలుపు తిరగకముందే ఏదో ఒక సిలిండరు కొట్టడం లేదని చెప్పేవాడు. పనిలో చేరిన కొత్తలో ఆయన నాకు చెప్పిన మాట ఇది: "ఒరేయ్, జీపుకి జబ్బు చేస్తే చెవికి వినపడుద్ది. అంబాసిడర్‌కి జబ్బు చేస్తే చేతికి తెలవాలి." ఇంగ్లీషు వాళ్లు, అమెరికా వాళ్లు బండిని ఆలోచించే తీరులో ఉన్న తేడా అంతా ఆ మాటలో ఉంది. దాన్ని విప్పి చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు రోడ్డు సంగతి. మాకు రోడ్డు ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు గోదావరే మా రోడ్డు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దొర, సముద్రం నుంచి బేరారు పత్తి భూముల దాకా గోదావరి మీద పడవలు నడపాలని తలపెట్టాడు. నదిలో మూడు చోట్ల రాతి అడ్డంకులు తగిలాయి. మొదటిది మా దుమ్ముగూడెం దగ్గరే. రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ఇంకా పైన. దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టారు, పక్కనుంచి కాలువ తీసి లాకులు పెట్టారు. ఆ పనుల మీద ఉన్న హేగ్ అనే ఇంజనీరు దొర చొరవతోనే 1860 ప్రాంతంలో ఇక్కడ కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది. అమెరికాలో 1861 నుంచి 1865 దాకా అంతర్యుద్ధం సాగి అక్కడి పత్తి ఆగిపోయినప్పుడు, మాంచెస్టరు మిల్లుల వాళ్లు ఈ నదీమార్గం కోసం గట్టిగా పట్టుబట్టారు. 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో గోదావరి పనులు ఆపేశారు. దుమ్ముగూడేనికి ఆనకట్ట మిగిలింది, పడవల రాకపోకలు మాత్రం అనుకున్నంత జరగలేదు.

ఆ తర్వాత మా తాలూకా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారుతూ వచ్చింది. 1874లో సెంట్రల్ ప్రావిన్సెస్ నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలోకి వచ్చింది. తూర్పు గోదావరి జిల్లాలో ఉన్నదాన్ని 1959లో ఖమ్మంలో కలిపారు. ఏ జిల్లాలో ఉన్నా మాది చివరి ఊరే. చివరి ఊరికి రోడ్డు కూడా చివర్నే వస్తుంది. సారపాక, భద్రాచలాల మధ్య గోదావరి మీద వంతెనను 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. అంతకుముందు బండి ఏదైనా పంటు ఎక్కి ఏరు దాటాల్సిందే. వంతెన వచ్చాకే మా వైపు మోటారు బండ్ల చరిత్ర అసలు మొదలైందని నా లెక్క.

ఇక ఈ రెండు బండ్ల పుట్టుక. వీటి వెనకున్న ఇంగ్లండు, అమెరికా కంపెనీల మూలపురుషులూ సైకిళ్ల వ్యాపారం నుంచి వచ్చినవాళ్లే. ఇంగ్లండులో విలియం మోరిస్ కుర్రతనంలో ఆక్స్‌ఫర్డ్‌లో సైకిళ్లు బాగుచేసేవాడు. తర్వాత ఆ ఊరి పక్కనే కౌలీలో కార్ల ఫ్యాక్టరీ పెట్టాడు. అమెరికాలో జాన్ విల్లీస్ సైకిళ్లు అమ్మి పైకి వచ్చాడు. కుంగిపోతున్న ఓవర్‌లాండ్ కంపెనీని చేతికి తీసుకుని ఒహాయో రాష్ట్రంలోని టొలీడోకు చేర్చాడు. చేతికి గ్రీజు అంటినవాడు పెద్ద ఫ్యాక్టరీ పెట్టాడని వింటే నాలాంటివాడికి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

1940లో యూరప్ అంతా యుద్ధంలో ఉండగా అమెరికా సైన్యం ఒక చిన్న బండి కావాలని 135 కంపెనీలకు కబురు పెట్టింది. నాలుగు చక్రాలూ లాగాలి, తేలిగ్గా ఉండాలి, 49 రోజుల్లో నమూనా తెచ్చి చూపాలి. పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ కోసం కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు రెండు మూడు రోజుల్లో బొమ్మ గీశాడు. గడువు రోజే, సెప్టెంబరు 23న, బండిని సైన్యానికి అప్పజెప్పారు. విల్లీస్ వాళ్లు తమ నమూనాలో అందరికంటే బలమైన ఇంజను పెట్టారు, 2.2 లీటర్లది, 60 గుర్రాల శక్తిది. ఫోర్డు కూడా అదే బొమ్మతో బండ్లు చేసింది. యుద్ధం ముగిసేసరికి 6 లక్షలకు పైగా జీపులు తయారయ్యాయి. దీని రూపంలో అందం కోసం పెట్టిన గీత ఒక్కటి కూడా లేదు. రేకు వంచిన చోటల్లా దానికో పని ఉంది.

ఇండియాలో 1945లో కె.సి.మహీంద్రా, జె.సి.మహీంద్రా సోదరులు మాలిక్ గులాం మహమ్మద్‌తో కలిసి మహీంద్రా అండ్ మహమ్మద్ కంపెనీ పెట్టారు. దేశ విభజన తర్వాత గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు తొలి ఆర్థిక మంత్రి అయ్యాడు. ఇక్కడి కంపెనీ మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. మొదట అమెరికా నుంచి విడిభాగాలు తెప్పించి బొంబాయిలో జీపులు కూర్చారు. 1950ల్లో ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టారు. మా వైపు జీపు అంటే ఎక్కువగా సీజే-3బీ. దాని బోనెట్ ఎత్తుగా ఉంటుంది. దానికి కారణం ఇంజను. పాత ఇంజనులో వాల్వులన్నీ బ్లాకులోనే ఉండేవి. కొత్తదానిలో ఇన్‌లెట్ వాల్వులను పైకి హెడ్డులోకి తెచ్చారు. ఎగ్జాస్ట్ వాల్వులు కిందే ఉండిపోయాయి. ఇంజను ఎత్తు పెరిగింది, దాన్ని మూయడానికి బోనెట్ పెరిగింది. ఎవరైనా జీపు ముఖం చూసి ముచ్చటపడితే, ఆ ముఖం వెనక వాల్వుల కథ ఉందని చెప్పడం నాకు ఇష్టం.

అంబాసిడర్ కథ వేరు. బి.ఎం.బిర్లా 1942లో హిందుస్తాన్ మోటార్స్ పెట్టారు. మొదట గుజరాత్‌లోని ఓఖా రేవులో, తర్వాత కలకత్తా దగ్గర ఉత్తరపాడాలో. మోరిస్ వాళ్ల నమూనాలనే ఒకదాని తర్వాత ఒకటి ఇక్కడ చేస్తూ వచ్చారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అనే కారు 1956లో ఇంగ్లండులో వచ్చింది. అది ఇక్కడ అంబాసిడర్ పేరుతో 1950ల చివర్లో రోడ్డెక్కింది. ఇంగ్లండులో ఆ నమూనా నాలుగేళ్లలోపే పక్కకు పోయింది. ఇక్కడ 2014 మే దాకా ఉత్తరపాడాలో తయారైంది. మార్క్ 2, మార్క్ 3, మార్క్ 4, నోవా అని పేర్లు మారాయి, గ్రిల్లు మారింది, ఇంజన్లు మారాయి, ఒంటి తీరు మాత్రం అదే.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. అంబాసిడర్‌లో చాలా ఏళ్లు నడిచిన 1489 సీసీ ఇంజనును ఇంగ్లండులో బీ సిరీస్ అంటారు. ఇదే ఇంజను 1955లో వచ్చిన ఎంజీఏ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారులోనూ ఉంది. ఎంజీ అంటే మోరిస్ గ్యారేజెస్, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌లో పెట్టిన దుకాణమే. అంబాసిడర్‌కి ఒక కార్బొరేటర్, ఎంజీఏకి రెండు. కంప్రెషన్‌లో తేడా, క్యాంషాఫ్ట్‌లో తేడా. అంబాసిడర్‌కి 50 గుర్రాల పైచిలుకు శక్తి, దానికి 70 దాకా. బ్లాకు మాత్రం ఒకే కుటుంబానిది. ఎంజీఏలు లక్షకు పైగా తయారైతే అందులో ఎక్కువ భాగం అమెరికాకే పోయాయి. యుద్ధంలో ఇంగ్లండు వచ్చిన అమెరికా సిపాయిలు అక్కడి చిన్న స్పోర్ట్స్ కార్లు చూసి మోజుపడ్డారు. తిరుగు దారిలో అమెరికా జీపు ఇంగ్లండులో ఉండిపోయింది. రోవర్ కంపెనీ ఇంజనీరు మారిస్ విల్క్స్ తన పొలంలో సైన్యం వదిలేసిన జీపు నడిపాడు. దాని చాసీ మీదే తొలి నమూనా కట్టించాడు. 1948లో ల్యాండ్ రోవర్ అలా వచ్చింది. ఈ ఇచ్చిపుచ్చుకోవడాల్లో స్పోర్ట్స్ కార్లు మా దాకా రాలేదు, వాటి ఇంజను మాత్రం అంబాసిడర్ బోనెట్ కింద పర్ణశాల దాకా వచ్చింది. అందుకే బాగా ట్యూనింగ్ చేసిన పాత పెట్రోలు అంబాసిడర్ ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో లాగే తీరు నాకు చాలా ఇష్టం. ఆ లాగుడులో స్పోర్ట్స్ కారు రక్తం ఉంది.

ఇప్పుడు పని దగ్గరికి వద్దాం. జీపుకి నిచ్చెన చాసీ ఉంటుంది. దాని కింద ముందొక హౌసింగు, వెనకొక హౌసింగు, నాలుగు మూలలా కమాన్ కట్టలు. బాడీ దాని మీద బోల్టులతో కూర్చుంటుంది. ఏ సామాను ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది, పానా దూరుతుంది. సైన్యం వాళ్లు దీన్ని కోరినప్పుడే ఒకటి ఖాయంగా అనుకున్నారు. ఈ బండి దారిలో చెడుతుంది, అక్కడ గ్యారేజీ ఉండదు, ఇరవై ఏళ్ల సిపాయే బాగుచేసుకోవాలి. అందుకే జీపు తన జబ్బును దాచుకోదు. క్రాస్ అరిగితే టకటకమంటుంది, క్రౌన్ పినియన్ పోతే ఏడుస్తుంది, కమాన్ పట్టీ విరిగితే ఒక పక్కకు ఒరుగుతుంది. మేస్త్రి చెవి మాట చెప్పింది ఇందుకే.

అంబాసిడర్‌కి వేరే చాసీ లేదు. బాడీయే చాసీ. ముందు చక్రాలకు టార్షన్ బార్లు, దేనికదే కదిలే సస్పెన్షన్. స్టీరింగ్ ర్యాక్ అండ్ పినియన్ రకం, చేతికి మెత్తగా, నికరంగా ఉంటుంది. ఈ పొందిక మోరిస్ కార్లలోకి అలెక్ ఇసిగోనిస్ అనే గొప్ప ఇంజనీరు చేతి మీదుగా వచ్చింది. మినీ కారుకు రూపం ఇచ్చిందీ ఆయనే. గుంతలో పడ్డా కారు ఒళ్లు ఊగుతుంది గాని లోపలివాడి నడుము పట్టేయదు. ఇది ఇంజనీరింగులో జీపు కంటే చాలా పై మెట్టు. ఈ మాట జీపు అభిమానులకు నచ్చకపోయినా నిజం. కాని ఇంగ్లీషువాడు ఒకటి ఖాయంగా అనుకుని దీన్ని గీశాడు. యజమాని వేళకు గ్యారేజీకి తీసుకుపోతాడు, అక్కడి మనిషి గ్రీజు కొడతాడు అని. ముందు చక్రం కింది ట్రనియన్‌కు గ్రీజు ఆగిందా, లోపల మర అరిగిపోతూ ఉంటుంది. బయటకు చప్పుడు రాదు. స్టీరింగ్ కాస్త బరువెక్కుతుంది. జాకీ పెట్టి చక్రం లేపి, పైనా కిందా రెండు చేతులతో పట్టుకుని ఊపితే అప్పుడు తెలుస్తుంది. పట్టించుకోకపోతే ఒకరోజు మలుపులో చక్రం లోపలికి మడుచుకుంటుంది. చేతికి తెలవాలన్నది ఈ సంగతే. మా షెడ్డుకి అంబాసిడర్ ఏ పని మీద వచ్చినా, హారన్ మోగడం లేదని వచ్చినా సరే, ముందు చక్రాలు ఊపి చూడకుండా పంపేవాణ్ణి కాదు.

ఇంకో తేడా ఏమిటంటే జీపు డ్రైవరును నమ్మింది, అంబాసిడర్ గ్యారేజీని నమ్మింది. మా అడవిలో గ్యారేజీ లేదు. కాబట్టి అంబాసిడర్ ఓడిపోవాలి. ఓడిపోలేదు. ఎందుకంటే ఏళ్ల తరబడి అదే కారు, అవే సామాన్లు. ఉత్తరపాడా వాళ్లు మార్చకపోవడాన్ని దేశమంతా తిట్టిపోసింది గాని, మాలాంటి మారుమూల మెకానిక్కులకు అదే వరమైంది. 1965 మోడలు మీద నేర్చుకున్న చెయ్యి 1985 మోడలు మీద కూడా పనిచేసేది. సామాన్లు కొత్తగూడెం షాపుల్లోనే దొరికేవి. దొరక్కపోతే లేతు మీద తిప్పించేవాళ్లం. చింతచెట్టు కింద షెడ్డే ఇంగ్లీషువాడు ఊహించుకున్న గ్యారేజీ అయింది. జీపు తన బలంతో బతికింది, అంబాసిడర్ మా చేతుల బలంతో బతికింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

వానాకాలం వాగు దాటడం చూసినవాళ్లకు జీపు విలువ తెలుస్తుంది. ఇప్పుడు వంతెనలు వచ్చిన చోట అప్పట్లో చప్టాలే ఉండేవి. కొన్ని చోట్ల అవీ లేవు. జీపు ఒడ్డున ఆగేది. డ్రైవరు దిగి బోనెట్ లేపి ఫ్యాను బెల్టు వదులు చేసేవాడు. లేకపోతే ఫ్యాను నీళ్లను ఎగజిమ్మి డిస్ట్రిబ్యూటర్‌ను తడిపేస్తుంది, ఇంజను నడి వాగులో ఆగిపోతుంది. డిస్ట్రిబ్యూటర్ మూత చుట్టూ గ్రీజు పూసి ప్లాస్టిక్ కాయితం చుట్టేవాడు. క్లీనరు కర్ర పట్టుకుని నీళ్లలో ముందు నడిచేవాడు, మొలలోతు దాటితే చెయ్యి ఊపేవాడు. గేరు రాడ్డు పక్కన రెండు చిన్న రాడ్లుంటాయి. ఒకటి లాగితే ముందు చక్రాలు కలుస్తాయి, రెండోది లాగితే లో గేరు పడుతుంది. మొదటి గేరులో దించాక ఒడ్డెక్కేదాకా క్లచ్చి తొక్కకూడదు, యాక్సిలేటరు వదలకూడదు. వదిలితే సైలెన్సరులోకి నీళ్లు వస్తాయి. అవతలి ఒడ్డు ఎక్కాక బెల్టు బిగించి, బ్రేకు మెల్లగా తొక్కుతూ కొంత దూరం పోవాలి, డ్రమ్ములు ఆరడానికి. లోపల కూర్చున్న ఆడవాళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని, పిల్లల్ని ఒళ్లో ఎత్తి పట్టుకుని మాట్లాడకుండా చూస్తుండేవాళ్లు. వానాకాలంలో పెద్ద అధికారుల అంబాసిడర్లు భద్రాచలంలోనే ఆగిపోయేవి. అక్కణ్ణుంచి వాళ్లు జీపెక్కాల్సిందే.

పురిటి నొప్పులొచ్చిన ఆడమనిషిని గూడెం నుంచి మంచం మీద మోసుకొచ్చి రోడ్డు మీద పెట్టి జీపు కోసం ఎదురుచూసిన రాత్రులు మా మండలంలో ఏ ఇంట అడిగినా చెబుతారు. 108 అంబులెన్సులు మొదలైంది 2005లో. అంతకుముందు అంబులెన్సు, శవాల బండి, పెళ్లి బండి, సంత బండి, ఎన్నికల బండి అన్నీ జీపే. అడవి శాఖకు జీపు, మలేరియా మందు కొట్టేవాళ్లకు జీపు, తునికాకు కాంట్రాక్టరుకు జీపు. రోడ్డు కింద మందుపాతర ఉంటుందన్న భయంతో సర్కారు జీపు అడవి దారి తొక్కని ఏళ్లు కూడా గడిచాయి. ఆ ఏళ్లలోనూ జనం ఎక్కే సర్వీసు జీపు ఆగలేదు. చర్ల, వెంకటాపురం అని కేక వేస్తే చాలు, లోపల పట్టినంత మంది, వెనక నిచ్చెన మీద, టాపు మీద, బోనెట్ పక్కన. ఇంతమందిని ఎక్కించడం తప్పే, ప్రాణాలూ పోయాయి. కాని వేరే బండి లేని చోట తప్పు ఎక్కినవాడిదని నేను అనలేను.

అంబాసిడర్ రాజ్యం నవమికీ ముక్కోటికీ కనిపించేది. రాములవారి కల్యాణానికి వచ్చిన కుటుంబాలు పర్ణశాల చూడ్డానికి కట్టించుకునేది అంబాసిడర్ ట్యాక్సీనే. భద్రాచలం నుంచి సుమారు 35 కిలోమీటర్లు. ముందు సీటు బెంచీలా ఒకటే, గేరు స్టీరింగ్ పక్కన, కాబట్టి డ్రైవరు పక్కన ఇద్దరు, వెనక నలుగురు పెద్దలు, ఒళ్లో పిల్లలు, డిక్కీలో పులిహోర గిన్నెలు. ముసలమ్మ కూడా ఒంగకుండా ఎక్కి కూర్చోవచ్చు. జీపెక్కి పర్ణశాల వెళ్లినవాళ్లు దుమ్ముతో తిరిగొచ్చేవాళ్లు, అంబాసిడర్ ఎక్కినవాళ్లు కునుకు తీసి తిరిగొచ్చేవాళ్లు. రాయి తగిలి పెట్రోలు ట్యాంకు కారితే ఒంటి సబ్బు రుద్ది, షెడ్డు దాకా నడిపించుకొచ్చేవాళ్లు. బ్యాటరీ దిగిపోతే బంపరు కన్నంలోంచి హ్యాండిలు దూర్చి కొట్టేవాళ్లు. ఇంగ్లీషు పెద్దమనిషి కారు మా డ్రైవర్ల చేతిలో పడి ఇలా మొరటు పనులు నేర్చుకుంది.

1986 ఆగస్టు వరద ఈ రెండింటికీ పెట్టిన పరీక్ష నేను కళ్లారా చూశాను. ఆగస్టు 16న భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు లేచింది. ఇప్పటికీ దాన్ని మించిన వరద రాలేదు. 2022 జులైలో వచ్చిన పెద్ద వరద కూడా 71 అడుగుల పైన ఆగిపోయింది. నీళ్లు తీశాక మునిగిన బండ్లన్నీ షెడ్ల ముందు వరసకట్టాయి. హౌసింగు డ్రెయిన్ నట్టు విప్పితే ఆయిలు తెల్లగా విరిగి వచ్చేది, దాని వెనక ఒండ్రు. ఇంజను లోపలా అంతే. ఇక్కడిదాకా జీపుకీ కారుకీ ఒకటే పని. విప్పి, డీజిలుతో కడిగి, కొత్త ఆయిలు పోసి, డైనమో, సెల్ఫ్ మోటారు ఎండబెట్టడం. తేడా తర్వాత తెలిసింది. జీపు చాసీని పైపు పెట్టి కడిగితే శుభ్రమైపోయింది, తలుపులు కూడా లేని బండి, నీళ్లు నిలిచే చోటే తక్కువ. అంబాసిడర్ బాడీయే చాసీ కాబట్టి తలుపుల కింద రేకు పెట్టెలున్నాయి, వాటిలోకి ఒండ్రు దూరింది. ఎంత కడిగినా పూర్తిగా రాదు. పైకి రంగు మెరుస్తూనే ఉంది, లోపల రేకు తినేస్తూ పోయింది. తర్వాతి ఏళ్లలో అలాంటి కార్లకు జాకీ పెట్టబోతే జాకీయే రేకులోంచి పైకి దిగిపోయేది. మునిగిన జీపుల్లో చాలావరకు తిరిగి రోడ్డెక్కాయి. కార్లు తిరిగాయి గాని వాటి ఆయుష్షు ఆ వరదలోనే తీరింది.

పెట్రోలు రేటు పెరిగాక రెండింటి గుండెలూ మారాయి. కంపెనీ డీజిల్ జీపులు వచ్చాయి. 1980లో డీజిల్ అంబాసిడర్ వచ్చింది. ఎంఎం 540 జీపుకి ఫ్రాన్సు వాళ్ల పెజో డీజిల్ ఇంజను, 1990ల్లో అంబాసిడర్‌కి జపాను వాళ్ల ఇసుజు ఇంజను. పాత పెట్రోలు బండ్లకు మాటడార్ వ్యాను ఇంజన్లు కూర్చిన చేతులు మా జిల్లాలో చాలా ఉన్నాయి. ఖర్చు తగ్గింది, నిజమే. కాని ఆ పాత 1489 ఇంజను గొంతు పోయిందని నాకు మాత్రం ఇప్పటికీ బాధే. మాటడార్ ఇంజను ఎక్కిన అంబాసిడర్ పనిమంతురాలే, పాత తీరు మాత్రం కాదు.

ఆ తర్వాత కథ వేగంగా ముగిసింది. తారు రోడ్లు లోపలి గూడేల దాకా పడ్డాయి. కమాండర్ జీపులు, ట్రాక్సులు, బొలేరోలు, ఏడుగురు ఎక్కే ఆటోలు వచ్చాయి. 2010లో మహీంద్రా వాళ్లు తెచ్చిన థార్ జీపు వంశానిదే. ఇప్పుడు భద్రాచలం కుర్రాళ్లకు అదే స్పోర్ట్స్ కారు. 2014లో రాష్ట్రం విడిపోయి భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక ఆంధ్రాకి పోయింది. భద్రాచలం దాటి దుమ్ముగూడెం వచ్చే బండి ఆంధ్రప్రదేశ్‌లోకి అడుగుపెట్టి మళ్లీ తెలంగాణలోకి వస్తోంది. ఒకప్పుడు ఏపీ 20 నంబరుతో తిరిగిన ఖమ్మం జిల్లా జీపులు ఇప్పుడు ఈ రోడ్డు మీద దాదాపు కనిపించవు.

కనిపించకపోవడానికి కారణం ముసలితనం ఒక్కటే కాదు. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దుచేయాలన్న కేంద్రం నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పాత పొగ బండ్లు రోడ్డు మీద తిరగకూడదన్నది సరైన మాటే. కాని ఆఫీసుల వెనక చెట్ల కింద నిలబడిన జీపులు తూకానికి పోతున్నాయి. ఒకటైనా ఆగాలి కదా. హైదరాబాదులో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించిన రోల్స్ రాయిస్ ఉంది, 1912 నాటిది. ఆయన అది చేతికి రాకముందే కన్నుమూశారు. తర్వాతి కాలంలోనూ అది తిరిగింది కొన్ని వందల మైళ్లే. దాన్ని బాగుచేయించి చౌమహల్లా ప్యాలెస్‌లో పెట్టారు, చూడ్డానికి జనం టిక్కెట్టు కొనుక్కుని వెళ్తారు. అది ఉండాల్సిందే, అందమైన బండి. మా వైపు జీపు తిరిగిన దూరంలో, మోసిన ప్రాణాల్లో దానికి వందో వంతు కూడా లేదు.

రెండిట్లో ఏది గొప్పని ఎవరైనా నన్ను గట్టిగా అడిగితే, మా రోడ్డుకి జీపు అంటాను. తడబడకుండా అంటాను. వాగు అవతల మనిషి చావుబతుకుల్లో ఉన్నప్పుడు మెత్తని సీటుకి విలువ లేదు. తయారీ నైపుణ్యంలో అంబాసిడర్‌దే పైచేయి, అదీ తడబడకుండానే అంటాను.

భద్రాచలం ఐటీడీఏ ఆవరణలో గిరిజన మ్యూజియం ఉంది. కోయవాళ్ల ఇళ్లు, విల్లంబులు, ధాన్యం గాదెలు, డోలు, కొమ్ము బూరలు అక్కడ పెట్టినట్టే, ఈ అడవి రోడ్డు మీద తిరిగిన జీపు ఒకటి, పర్ణశాల ట్యాక్సీ అంబాసిడర్ ఒకటి అక్కడ పెట్టాలని అధికారులను కోరుతున్నాను. బొమ్మల్లా రంగు పూసి నిలబెట్టొద్దు, ఏడాదికోసారైనా స్టార్టు చేయాలి. అందుకు చెయ్యి తిరిగిన మెకానిక్కులు భద్రాచలం, బూర్గంపాడు, లక్ష్మీనగరం, చర్లల్లో ఇంకా ఉన్నారు, పిలిస్తే పైసా తీసుకోకుండా వస్తారు. నేనూ వస్తాను. ఇది చదివినవాళ్లలో ఎవరి ఇంటి పెరట్లోనైనా పాత సీజే-3బీ గాని, సన్న గ్రిల్లున్న పెట్రోలు అంబాసిడర్ గాని తుప్పు పడుతూ ఉంటే, పాత ఇనుము వాళ్లకు తూకానికి ఇచ్చే ముందు ఒక్కసారి మ్యూజియం వాళ్లతో మాట్లాడండి.